సూక్ష్మ పాలిమర్ పొడులు: తయారీ, వినియోగం, జాగ్రత్తలపై తరచుగా అడిగే ప్రశ్నలు

సూక్ష్మ పాలిమర్ పొడి అని దేనిని అంటారు?

చిన్న అణువులు గొలుసుల్లా కలిసి ఏర్పడే పదార్థాలను పాలిమర్లు అంటారు. నైలాన్, పాలిథిలిన్, పాలిస్టర్, ఎపాక్సీ, అక్రిలిక్ వంటి పాలిమర్లలో ఏదైనా సరే, దాని రేణువులు మైక్రాన్లలో కొలవవలసినంత చిన్నవిగా ఉండి, ఆ పొడి రూపంలోనే ఏదో ఒక పనికి వచ్చేటట్లయితే దానిని ఈ కోవలో చేరుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. లోహపు వస్తువులకు పూతగా వేసే పొడిలో రేణువులు సగటున 30 నుంచి 50 మైక్రాన్లు, లేజర్ ముద్రణ యంత్రంలోని టోనర్‌లో 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటాయి. నీటిలో చెదిరి ఉండే లేటెక్స్ రకాలలో రేణువు మైక్రానులో పదో వంతుకు కూడా దిగిపోతుంది. అంటే ఒకే పేరు కింద ఉన్న ఈ పదార్థాల మధ్య పరిమాణంలోనే వందల రెట్ల తేడా ఉంది. కనుక ఒక పొడి గురించి తెలిసిన విషయాన్ని మరో పొడికి అన్వయించే ముందు దాని రేణువు ఎంతదో, ఏ ఆకారంలో ఉందో, ఏ పద్ధతిలో తయారైందో తెలుసుకోవాలి. ఈ మూడూ తెలియకుండా పాలిమర్ పేరు ఒక్కటి చూసి నిర్ణయాలు తీసుకోవడం వల్లనే ఈ రంగంలో ఎక్కువ ఇబ్బందులు వస్తాయి.

గుళికలుగా దొరికే ప్లాస్టిక్‌ను శ్రమపడి పొడిగా మార్చడం దేనికి?

ఉపరితలం కోసం. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 మైక్రాన్ల భుజం ఉన్న చిన్న ఘనాలుగా కోయగలిగితే వంద కోట్ల ముక్కలు వస్తాయి, వాటి మొత్తం ఉపరితలం 6,000 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. ఒక మైక్రాను దాకా కోస్తే అది 6 చదరపు మీటర్లవుతుంది. పదార్థం అంతే, బరువు అంతే. కానీ వేడి లోపలికి చేరే వేగం, విద్యుదావేశాన్ని మోసే శక్తి, ద్రవంలో కలిసే తీరు, గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపే తీరు అన్నీ మారిపోతాయి. పలుచని పొర కరిగించి పరచాలన్నా, లేజర్ కిరణంతో చిన్న చుక్కంత మేర మాత్రమే అతికించాలన్నా, మరో పదార్థంలో సమంగా కలపాలన్నా గుళికలు పనికిరావు.

మరికొన్ని పాలిమర్లకు పొడి తప్ప వేరే దారి ఉండదు. లక్షల్లో అణుభారం ఉండే అత్యధిక అణుభార పాలిథిలిన్ కరిగినా పారదు. సాధారణ అచ్చు యంత్రాలలో దానిని ఇంజెక్ట్ చేయలేరు. పొడిని అచ్చులో నింపి, వేడిచేసి, పీడనంతో నొక్కి, రేణువులను ఒకదానితో ఒకటి అతుక్కునేటట్లు చేస్తారు. ఇక్కడ పొడి నాణ్యతే వస్తువు నాణ్యత.

ఈ పొడులను ఎలా తయారు చేస్తారు?

దారులు రెండు. పెద్ద ముక్కను చిన్నది చేయడం ఒకటి, చిన్న రేణువును మొదటి నుంచీ చిన్నదిగానే పుట్టించడం రెండోది.

మొదటి దారిలో గ్రైండింగ్ ప్రధానం. వేగంగా తిరిగే పిన్ మిల్లులు, సుత్తి మిల్లులు, గాలి జెట్లతో రేణువులను ఒకదానితో ఒకటి ఢీకొట్టించే జెట్ మిల్లులు ఇందుకు వాడతారు. లోహపు వస్తువులకు పూతగా వేసే పౌడర్ కోటింగ్ పొడి ఇలాగే తయారవుతుంది. రెసిన్, గట్టిపరిచే పదార్థం, రంగు, ఇతర మిశ్రమాలను కలిపి ఎక్స్‌ట్రూడర్ అనే మర యంత్రంలో కరిగించి, చల్లని రోలర్ల మధ్య పలుచని రేకుగా నొక్కి, ఆ రేకును పెళుసు ముక్కలుగా విరిచి, మిల్లులో నూరి జల్లెడ పడతారు. నూరిన రేణువులకు అంచులు పదునుగా, ఆకారం అస్తవ్యస్తంగా ఉంటుంది. పూతకు అది పెద్ద లోపం కాదు, ఎందుకంటే చివరికి ఆ రేణువులన్నీ కరిగి ఒకే పొర అవుతాయి.

రెండో దారిలో పద్ధతులు చాలా ఉన్నాయి. నైలాన్-12ను పీడనం కింద వేడి ఇథనాల్‌లో కరిగించి, నెమ్మదిగా చల్లారిస్తే అది రేణువులుగా విడివడి అడుగుకు చేరుతుంది. దీనిని అవక్షేపణ పద్ధతి అంటారు. చల్లార్చే వేగం, కలియబెట్టే వేగం ఎలా ఉంటే రేణువు పరిమాణం అలా వస్తుంది. ఎమల్షన్ పద్ధతిలో నీటిలో సబ్బు వంటి పదార్థం సాయంతో మోనోమర్‌ను, అంటే పాలిమర్ గొలుసుకు మూలమైన చిన్న అణువులను, చెదరగొట్టి పాలిమర్‌గా మారుస్తారు. సస్పెన్షన్ పద్ధతిలో మోనోమర్ బిందువులే గట్టిపడి పూసలవుతాయి. ఎమల్షన్‌లో వచ్చే రేణువు మైక్రానుకు లోపు, సస్పెన్షన్‌లో వచ్చేది పదుల, వందల మైక్రాన్లు. ఈ రెంటి మధ్య ఉన్న 1 నుంచి 10 మైక్రాన్ల ఖాళీని డిస్పర్షన్ పాలిమరీకరణం పూరిస్తుంది. నీటిలో ఉన్న ఎమల్షన్‌ను వేడి గాలిలోకి తుంపరలుగా చిమ్మి ఆరబెట్టి పొడి చేయడం స్ప్రే డ్రయింగ్.

ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచి నూరడం ఎందుకు?

సాగే గుణం ఉన్న పాలిమర్‌ను మామూలు వేడిమిలో మిల్లులో వేస్తే అది విరగదు, సాగుతుంది. మిల్లు పెట్టే శక్తి అంతా వేడిగా మారుతుంది, ఆ వేడికి పదార్థం ఇంకా మెత్తబడి, పీచులు పీచులుగా తెగి, చివరకు జల్లెడకు అంటుకుపోతుంది. ప్రతి పాలిమర్‌కూ ఒక గాజు పరివర్తన ఉష్ణోగ్రత ఉంటుంది. దానికి దిగువన అణు గొలుసుల కదలిక బిగుసుకుపోయి పదార్థం గాజులా పెళుసవుతుంది. ద్రవ నైట్రోజన్ మరిగేది మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద. కనుక దానితో చల్లబరిస్తే రబ్బరు వంటి పదార్థాలు కూడా దెబ్బకు పగిలిపోతాయి. పైగా నైట్రోజన్ వాయువు మిల్లులోని ఆక్సిజన్‌ను తరిమివేస్తుంది కనుక నిప్పంటుకునే ప్రమాదమూ తగ్గుతుంది. అయితే అదే వాయువు గదిలోకి లీకయితే మనుషులకు ఊపిరాడదు. ఇటువంటి యంత్రాలున్న చోట ఆక్సిజన్ మోతాదును చూపే అలారం తప్పనిసరిగా ఉండాలి. నైట్రోజన్ ఖర్చు ఎక్కువ కనుక, మామూలుగా నూరితే సరిపోయే పదార్థానికి ఈ పద్ధతి వాడరు.

ఒకే పరిమాణంలో ఉండే గుండ్రటి రేణువులను తయారు చేయడం సాధ్యమేనా?

సాధ్యమే, కానీ ఎంతో కాలం అది పరిశోధకులను ఇబ్బంది పెట్టింది. రేణువు పెరుగుతున్న కొద్దీ గురుత్వాకర్షణ వల్ల అడుగుకు చేరుతుంది, లేదా మోనోమర్ పీల్చుకుని తేలికై పైకి తేలుతుంది. అలా చేరిన చోట ఒకదానికొకటి అతుక్కుంటాయి. గట్టిగా కలియబెడదామంటే ఆ కుదుపుకే గడ్డ కడతాయి. ఈ చిక్కును తప్పించడానికి అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వాండర్‌హాఫ్ బృందం 1980లలో నాసా అంతరిక్ష నౌకలో, భారరహిత స్థితిలో పాలిస్టైరీన్ పూసలను పెంచింది. ఛాలెంజర్ నౌకలో తయారైన 10 మైక్రాన్ల పూసలను అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1985లో కొలత ప్రమాణంగా అమ్మకానికి పెట్టింది. అంతరిక్షంలో తయారై భూమి మీద అమ్ముడైన తొలి వస్తువు అదే.

భూమి మీద ఈ సమస్యను పరిష్కరించినవారు నార్వేకు చెందిన జాన్ ఉగెల్‌స్టాడ్. చిన్న రేణువులను ముందుగా ఒక సహాయక పదార్థంతో సిద్ధం చేసి, అవి తమ పరిమాణానికి ఎన్నో రెట్లు మోనోమర్‌ను పీల్చుకునేటట్లు చేసే పద్ధతిని ఆయన 1970లలో ట్రోండ్‌హైమ్‌లో కనుగొన్నారు. ఆ పూసలలో ఇనుప ఆక్సైడును చేర్చి అయస్కాంతానికి లోబడేటట్లు చేశారు. రక్తం నుంచి ఒక రకం కణాలను మాత్రమే వేరు చేయడానికి ప్రయోగశాలలు నేటికీ అటువంటి పూసలనే వాడుతున్నాయి.

పొడి వివరపత్రంలో డి10, డి50, డి90 అని ఉంటాయి. వాటి అర్థం ఏమిటి?

పొడిలో రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. డి50 అంటే ఘనపరిమాణం లెక్కన సగం పొడి అంతకన్నా చిన్న రేణువులలో ఉందని అర్థం. డి10 కన్నా చిన్నవి పదో వంతు, డి90 కన్నా పెద్దవి పదో వంతు. సాధారణంగా, రేణువుల మీద పడిన కాంతి చెదిరే తీరును బట్టి పరిమాణాన్ని లెక్కించే లేజర్ వివర్తన యంత్రంతో వీటిని కొలుస్తారు. కొనుగోలుదారులు డి50 ఒక్కటే చూసి తృప్తిపడడం తరచుగా కనిపిస్తుంది. డి50 సమానంగా ఉన్న రెండు పొడులలో ఒకదానిలో మెత్తటి ధూళి ఎక్కువగా ఉండవచ్చు, అది యంత్రంలో చేసే అల్లరి అంతా ఇంతా కాదు. కాబట్టి మూడు అంకెలూ అడగాలి, వీలైతే సూక్ష్మదర్శిని చిత్రాన్ని కూడా అడగాలి. లేజర్ యంత్రం ప్రతి రేణువునూ గోళంగానే లెక్కిస్తుంది. అసలు ఆకారం ఏమిటో కంటితో చూస్తేనే తెలుస్తుంది.

పొడి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదా?

కాదు. మిగిలిన ప్రశ్నలు వదిలేసినా ఈ ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

రేణువును కిందికి లాగేది దాని బరువు. పక్క రేణువుకు అంటిపెట్టేది అణువుల మధ్య ఉండే వాండర్ వాల్స్ ఆకర్షణ. వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఆకర్షణ మాత్రం సగమే తగ్గుతుంది. అందువల్ల రేణువు చిన్నదయ్యే కొద్దీ ఒక దశలో అంటుకునే శక్తి బరువును పూర్తిగా మించిపోతుంది. డెరెక్ గెల్డార్ట్ 1973లో పొడులను అవి గాలి ఊదినప్పుడు ప్రవర్తించే తీరును బట్టి ఎ, బి, సి, డి అనే నాలుగు వర్గాలుగా విభజించారు. సుమారు 20, 30 మైక్రాన్లకు దిగువన ఉన్న మెత్తటి పొడులు సి వర్గంలోకి వస్తాయి. కింద నుంచి గాలి ఊదితే అవి ద్రవంలా పొంగవు, పొడిలో బీటలు పడి ఆ బీటల గుండా గాలి తప్పించుకుపోతుంది. పొడిని నింపే గరాటు వంటి తొట్టె అయిన హాపర్‌లో అవి కమానులా గట్టిపడి నిలిచిపోతాయి, కింద మూత తెరిచినా పొడి రాదు.

దీనికి విరుగుడుగా చాలా కొద్ది మోతాదులో ఫ్యూమ్డ్ సిలికా అనే అతి మెత్తటి సిలికా పొడిని కలుపుతారు. దాని కణాలు పాలిమర్ రేణువు ఉపరితలం మీద అక్కడక్కడా అంటుకుని, రెండు రేణువులు ఒకదానికొకటి మరీ దగ్గరకు రాకుండా ఎడం పెడతాయి. సాధారణంగా బరువులో ఒక శాతం కన్నా తక్కువ చాలు. ఎక్కువైతే రేణువులు కరిగి కలవడానికే అది అడ్డుపడుతుంది.

పొడి ప్రవాహాన్ని తేలికగా అంచనా వేయడానికి హౌస్నర్ నిష్పత్తి ఉంది. కొలపాత్రలో వదులుగా పోసినప్పటి సాంద్రతను, తట్టి కుదించిన తరువాతి సాంద్రతతో పోలుస్తారు. కుదించిన సాంద్రతను వదులు సాంద్రతతో భాగిస్తే 1.25 కన్నా తక్కువ వచ్చే పొడి బాగా జారుతుంది, 1.4 దాటితే అది మొండికేస్తుంది. ఖరీదైన పరికరమేదీ అక్కరలేని ఈ పరీక్షను ప్రతి కొత్త సరుకు వచ్చినప్పుడూ చేయడం మంచిది.

పౌడర్ కోటింగ్‌లో ఈ పొడి ఎలా పనిచేస్తుంది?

1950ల తొలినాళ్లలో జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మర్ కింద నుంచి గాలి ఊది పొంగించిన పొడిలో వేడి లోహపు వస్తువును ముంచే పద్ధతిని కనిపెట్టారు. వస్తువు వేడికి రేణువులు అంటుకుని కరిగేవి. పొర మందంగా వచ్చేది. తరువాత వచ్చిన స్థిరవిద్యుత్ పద్ధతిలో స్ప్రే గన్ మొన వద్ద పదుల వేల వోల్టుల పీడనం ఉంటుంది. అక్కడ రేణువులు ఆవేశం పొంది, ఎర్త్ చేసిన వస్తువు వైపు లాగబడి అంటుకుంటాయి. ఆ తరువాత ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల వద్ద పది, పదిహేను నిమిషాలు ఉంచితే పొడి కరిగి, పారి, రసాయన చర్యతో గట్టిపడుతుంది. పొర మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు.

ద్రావకం లేకపోవడం, వస్తువుకు అంటకుండా కిందపడిన పొడిని పట్టి మళ్లీ వాడగలగడం ఈ పద్ధతికి పెద్ద బలాలు. లోపలి మూలలు, లోతైన గాడులు మాత్రం బలహీనత. విద్యుత్ క్షేత్ర రేఖలు అంచుల మీద ఆగిపోతాయి, మూలలోకి చేరవు, అక్కడ పూత పలుచబడుతుంది. అనుభవం లేనివారు ఇది చూసి వోల్టేజీ పెంచుతారు, దానితో సమస్య ఇంకా ముదురుతుంది. వోల్టేజీ తగ్గించి, గాలి వేగాన్ని సరిచూసుకుని మూలలను ముందుగా పూయడమే పద్ధతి. వస్తువును వేలాడదీసే కొక్కేల మీద పాత పూత పేరుకుంటే ఎర్త్ సరిగా అందదు. పూత సరిగా పట్టడం లేదంటే ముందు కొక్కేలను చూడాలి, పొడిని తప్పుపట్టడం ఆ తరువాత.

3డి ముద్రణలో పాలిమర్ పొడి పాత్ర ఏమిటి?

టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో చదువుతున్న కార్ల్ డెకార్డ్ 1980ల మధ్యలో, పొడి పొరను లేజర్‌తో ఎంపిక చేసిన చోట మాత్రమే కరిగించి వస్తువును పొరలు పొరలుగా కట్టవచ్చని ఆలోచించారు. ఆచార్యుడు జో బీమన్ సహకారంతో అది యంత్రంగా రూపుదిద్దుకుంది. 1986లో దరఖాస్తు చేసిన పేటెంటు 1989లో లభించింది. ఈ పద్ధతిని సెలెక్టివ్ లేజర్ సింటరింగ్ అంటారు.

యంత్రం లోపల జరిగేది దగ్గరగా చూస్తే పొడి ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. రోలర్ లేదా బ్లేడు ఒక చివర నుంచి మరో చివరకు కదిలి, మిల్లీమీటరులో పదో వంతు మందంతో పొడిని పరుస్తుంది. రేణువులు సగటున 50, 60 మైక్రాన్లు ఉంటాయి కనుక ఆ పొర మందం రెండు రేణువుల పాటిదే. ఒక్క పెద్ద రేణువు లేదా ఒక్క గడ్డ బ్లేడుకు తగిలితే చాలు, పొర పొడవునా గీత పడుతుంది, ఆ గీత తుది వస్తువులో బలహీనమైన చోటుగా మిగిలిపోతుంది. పొడి పడకను అప్పటికే వేడిగా ఉంచుతారు. నైలాన్-12కు అది సుమారు 170 డిగ్రీలు. ఆ పొడి కరిగేది 185 డిగ్రీల ప్రాంతంలో, చల్లారేటప్పుడు తిరిగి స్ఫటికంగా మారేది 150 డిగ్రీల ప్రాంతంలో. ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధే ఈ పద్ధతికి ప్రాణం. లేజర్ కొద్దిపాటి వేడి జోడించగానే రేణువులు కరిగి కలిసిపోతాయి, కానీ వెంటనే స్ఫటికం కావు కనుక పొర ముడుచుకుని పైకి వంకర తిరగదు. కరగని పొడే చుట్టూ ఉండి వస్తువును మోస్తుంది, వేరే ఆధారాలు కట్టనవసరం లేదు. ముద్రణ ముగిశాక పడక మొత్తం నెమ్మదిగా చల్లారాలి. పెద్ద పెట్టె అయితే దానికి ఒక పూట కన్నా ఎక్కువే పడుతుంది, తొందరపడి తెరిస్తే వస్తువులు వంకర పోతాయి.

నైలాన్-12 ఈ రంగాన్ని ఏలడానికి కారణం దాని దృఢత్వం మాత్రమే కాదు. అవక్షేపణ పద్ధతిలో గుండ్రని అంచులతో, ఇరుకైన పరిమాణ శ్రేణిలో వచ్చే పొడి, పైన చెప్పిన వెడల్పయిన ఉష్ణోగ్రతా వ్యవధి రెండూ కలిసి దొరికే పాలిమర్లు చాలా తక్కువ. పాలిప్రొపిలీన్, మెత్తటి పాలియురెథేన్, అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే పీక్ వంటివి కూడా వాడుకలోకి వచ్చాయి. పీక్ కరిగేది 340 డిగ్రీలకు పైన కనుక దానికి ప్రత్యేక యంత్రం కావాలి.

ముద్రణలో కరగకుండా మిగిలిన పొడిని మళ్లీ వాడవచ్చా?

వాడవచ్చు, కానీ దానిని ఒక్కదాన్నే వాడకూడదు. గంటల తరబడి వేడిలో ఉన్న నైలాన్-12 పొడి కరగకపోయినా, దాని గొలుసుల చివరలు ఒకదానితో ఒకటి చర్య జరిపి గొలుసులు పొడవవుతాయి. ఫలితంగా కరిగినప్పుడు అది చిక్కగా ఉండి సరిగా పారదు, వస్తువు ఉపరితలం నారింజ తొక్కలా గతుకులుగా వస్తుంది. అందుకే వాడిన పొడిని జల్లెడ పట్టి, దానిలో మూడో వంతు నుంచి సగం వరకు కొత్త పొడి కలపడం ఆనవాయితీ. ఏ సరుకు ఎన్నిసార్లు యంత్రంలోకి వెళ్లిందో రాసిపెట్టుకోని చోట నాణ్యత నిలకడగా ఉండదు.

టోనర్ కూడా పాలిమర్ పొడేనా?

అవును. దాని బరువులో అధిక భాగం స్టైరీన్ అక్రిలేట్ లేదా పాలిస్టర్ రెసిన్. రంగు పదార్థం, మైనం, ఆవేశాన్ని నియంత్రించే పదార్థాలు కొద్ది కొద్దిగా ఉంటాయి. చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో తన సహాయకుడు ఒట్టో కోర్నీతో కలిసి తొలి పొడి ముద్రణ తీసినప్పుడు గంధకం పూసిన జింకు పలకను, లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాల పొడిని వాడారు. 1959లో జిరాక్స్ 914 యంత్రం వచ్చేనాటికి ఆ స్థానాన్ని రెసిన్ పొడి ఆక్రమించింది. ఇటీవలి టోనర్లలో చాలావాటిని నూరరు. ఎమల్షన్‌లోని అతి చిన్న రేణువులను నియంత్రితంగా గుమిగూడేటట్లు చేసి, వేడితో కలిపి, కావలసిన పరిమాణంలో ఆపుతారు. రేణువులు సమానంగా ఉంటే ప్రతి దానికీ ఆవేశం సమానంగా అందుతుంది, అక్షరం అంచు స్పష్టంగా వస్తుంది.

పీటీఎఫ్ఈ పొడి గురించి ప్రత్యేకంగా చెబుతారు. దానిలో విశేషం ఏమిటి?

పీటీఎఫ్ఈ అంటే పాలిటెట్రాఫ్లోరోఇథిలీన్, టెఫ్లాన్ పేరుతో అందరికీ తెలిసినది. ఆ పాలిమర్ పుట్టుకే పొడిగా జరిగింది. 1938 ఏప్రిల్ 6న డ్యూపాంట్ సంస్థలో రాయ్ ప్లంకెట్, ఆయన సహాయకుడు జాక్ రీబాక్ ఒక టెట్రాఫ్లోరోఇథిలీన్ సిలిండరు తెరిచారు. వాయువు రాలేదు, కానీ సిలిండరు బరువు తగ్గలేదు. కవాటం తీసి తలకిందులు చేస్తే తెల్లని పొడి రాలింది. సిలిండరును కోసి చూస్తే లోపలి గోడలకు అదే పొడి పట్టి ఉంది.

నేడు ఇది మూడు రూపాలలో దొరుకుతుంది, వాటిని కలగాపులగం చేయకూడదు. అచ్చులో నొక్కి సింటర్ చేయడానికి, అంటే వేడితో రేణువులను అతికించడానికి, వాడే గ్రాన్యులర్ రకం ఒకటి. సుమారు 0.2 మైక్రాన్ల రేణువులు గుమిగూడి ఏర్పడిన ఫైన్ పౌడర్ రెండోది. ఎలక్ట్రాన్ కిరణాలతో గొలుసులను తెంచి నూరిన మైక్రోపౌడర్ మూడోది. ఈ మూడోదానిని సిరాలలో, పూతలలో, గ్రీజులలో రాపిడి తగ్గించడానికి కలుపుతారు.

ఫైన్ పౌడర్‌ను నలిపితే దాని రేణువుల నుంచి సన్నని తంతువులు బయటకు లాగబడతాయి. ఈ గుణం 19 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఎక్కువవుతుంది, ఎందుకంటే ఆ ఉష్ణోగ్రత వద్ద దాని స్ఫటిక నిర్మాణం మారి గొలుసులు ఒకదానిపై ఒకటి తేలికగా జారతాయి. కాబట్టి రవాణాలో, నిల్వలో, జల్లెడ పట్టేటప్పుడు దానిని చల్లగా ఉంచాలి. వేడిగా ఉన్న డబ్బాను కుదిపితే పొడి గడ్డకట్టి పాడవుతుంది. ఇదే గుణాన్ని లిథియం అయాన్ బ్యాటరీల తయారీలో ప్రయోజనంగా మలచుకుంటున్నారు. సాధారణ పద్ధతిలో పీవీడీఎఫ్ అనే మరో ఫ్లోరిన్ పాలిమర్ పొడిని ఎన్ఎంపీ అనే ద్రావకంలో కరిగించి ఎలక్ట్రోడ్ పూత వేస్తారు, ఆ ద్రావకం పునరుత్పత్తి వ్యవస్థకు హానికరం, దానిని ఆరబెట్టడానికి పొడవైన ఓవెన్లు కావాలి. పొడి ఎలక్ట్రోడ్ పద్ధతిలో కొద్ది శాతం పీటీఎఫ్ఈ తంతువులే క్రియాశీల పదార్థపు రేణువులను వలలా పట్టి ఉంచుతాయి, ద్రావకం అవసరం ఉండదు. అయితే ఆనోడ్ వైపు ఉండే తక్కువ విద్యుత్ పీడనంలో పీటీఎఫ్ఈ రసాయనికంగా నిలవలేదు, అక్కడ ప్రత్యామ్నాయాల కోసం పరిశోధన సాగుతోంది.

సిమెంటు మిశ్రమాలలో కలిపే పాలిమర్ పొడి ఏమిటి?

అది నీటిలో మళ్లీ ఎమల్షన్‌గా మారే పొడి. ఎక్కువగా వినైల్ అసిటేట్, ఇథిలీన్ కలిసిన పాలిమర్. జర్మనీకి చెందిన వాకర్ సంస్థ 1957లో దీనిని కనిపెట్టింది. పాలివినైల్ ఆల్కహాల్ పూత రేణువులు ఆరేటప్పుడు ఒకదానితో ఒకటి అతుక్కోకుండా కాపాడుతుంది. నీరు తగలగానే అవి విడిపోతాయి. మిశ్రమం ఎండాక పాలిమర్ పలుచని పొరగా ఏర్పడి టైల్ అంటును, వంగే గుణాన్ని పెంచుతుంది. తేమ, వేడి రెండూ ఈ పొడికి శత్రువులు.

వైద్య రంగంలో వీటి ఉపయోగం ఏమిటి?

బ్రిటన్‌లో జాన్ చార్న్‌లీ 1962లో కృత్రిమ తుంటి కీలులో గిన్నె భాగానికి అత్యధిక అణుభార పాలిథిలిన్ వాడారు. నేటికీ ఆ పదార్థం పొడిగానే తయారై, నొక్కడం ద్వారా దిమ్మెగా మారి, తరువాత కీలు ఆకారంలో చెక్కబడుతుంది. రేణువుల మధ్య సరిగా అతకని చోటు ఉంటే ఏళ్ల తరువాత అక్కడే అరుగుదల మొదలవుతుంది. రోగనిర్ధారణలో లేటెక్స్ రేణువుల మీద ప్రతిరక్షకాలను అంటించి, రక్త నమూనాలో వెతుకుతున్న పదార్థం ఉంటే ఆ రేణువులు కంటికి కనిపించేలా గుమిగూడే పరీక్షలు ఉన్నాయి.

పాలిమర్ పొడి పేలుతుందని అంటారు. నిజమా?

నిజం. ఇందులో ఏ మాత్రం అతిశయోక్తి లేదు. ముద్దగా ఉన్నప్పుడు నెమ్మదిగా మండే ప్లాస్టిక్ గాలిలో మేఘంలా లేచినప్పుడు క్షణంలో మండి, మూసి ఉన్న గదిలో పీడనాన్ని గోడలు బద్దలయ్యేంతగా పెంచుతుంది. ఇంధనం, ఆక్సిజన్, నిప్పు, గాలిలో చెదరడం, మూసి ఉన్న స్థలం అనే అయిదూ ఒక చోట కలిస్తే పేలుడు సంభవిస్తుంది.

2003 జనవరి 29న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, కిన్‌స్టన్‌లో ఒక కర్మాగారంలో పేలుడు జరిగి ఆరుగురు మరణించారు. రబ్బరు పట్టీలు అంటుకోకుండా వాటిని నీటిలో కలిపిన పాలిథిలిన్ పొడిలో ముంచి ఫ్యానులతో ఆరబెట్టేవారు. కంటికి కనిపించే చోట్లు శుభ్రంగానే ఉండేవి. మెత్తటి ధూళి మాత్రం గాలితో పైకి పోయి, వేలాడే సీలింగు పలకల పైన ఏళ్ల తరబడి పేరుకుంది.

ధూళి పొర ఎంత మందం ఉంటే ప్రమాదమో ఒక లెక్క వేసి చూడవచ్చు. నేల మీద 0.8 మిల్లీమీటర్ల పొర ఉందనుకుందాం. వదులు పొడి సాంద్రత ఘనపు మీటరుకు 400 కిలోలయితే ప్రతి చదరపు మీటరు మీద 320 గ్రాముల పొడి ఉన్నట్లు. అది మూడు మీటర్ల ఎత్తున్న గదిలో సమంగా లేస్తే ఘనపు మీటరుకు వంద గ్రాములు దాటుతుంది. చాలా పాలిమర్ పొడులు ఘనపు మీటరుకు కొన్ని పదుల గ్రాముల వద్దే మండగలవు.

కనుక ధూళిని కంప్రెస్డ్ గాలితో ఊదకూడదు, ఊదడమంటే మేఘాన్ని చేతులారా తయారు చేయడమే. పేలుడు ప్రాంతాలకు ధ్రువీకరించిన వాక్యూమ్ క్లీనరు వాడాలి. పైపులు, హాపర్లు, డబ్బాలు, పొడి పోసే మనిషి పాదరక్షలతో సహా అన్నిటికీ ఎర్త్ ఉండాలి. దూలాల పైభాగం, దీపాల పైన, సీలింగు వెనుక వంటి చూడని చోట్లను తనిఖీ పట్టికలో పేరుతో సహా రాయాలి.

ఈ పొడిని పీల్చితే హాని ఉంటుందా?

చాలా పాలిమర్లు విషపదార్థాలు కావు, అయినా మెత్తటి ధూళి ఏదైనా ఊపిరితిత్తులకు భారమే. నీటి సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు 3 మిల్లీమీటర్ల వేగంతో దిగుతుంది, రెండు మీటర్ల ఎత్తు నుంచి నేలకు చేరడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాను రేణువుకు పదహారు గంటలు పడుతుంది. పని ముగిసింది కదా అని మాస్కు తీసేయడం ఎంత పొరపాటో దీనిని బట్టి తెలుస్తుంది. సుమారు 4 మైక్రాన్లకు లోపున్నవి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి.

పీటీఎఫ్ఈ విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. అది బాగా వేడెక్కినప్పుడు వెలువడే పొగను పీల్చితే ఫ్లూ లాంటి జ్వరం, వణుకు, ఛాతీ బిగుతు వస్తాయి. చేతికి అంటిన పొడి సిగరెట్ మీదకు చేరి, అది కాలినప్పుడు కూడా ఈ జ్వరం వస్తుంది. కాబట్టి ఆ పొడి ఉన్న చోట పొగాకును దగ్గర ఉంచుకోవడం కూడా నిషిద్ధం.

ఇవి మైక్రోప్లాస్టిక్‌ల కిందికి రావా? చట్టాలు ఏమంటున్నాయి?

పరిమాణం ప్రకారం వస్తాయి. అమెరికా 2015లో చేసిన చట్టం కడిగివేసే సౌందర్య సాధనాలలో ప్లాస్టిక్ పూసలను నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన 2055వ నంబరు నియమావళి ఇంకా విస్తృతమైనది. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న, నీటిలో కరగని, జీవక్షయం కాని కృత్రిమ పాలిమర్ రేణువులను ఉద్దేశపూర్వకంగా ఉత్పత్తులలో కలిపి అమ్మడాన్ని అది దశలవారీగా నిషేధిస్తుంది. కర్మాగారాలలో ముడిసరుకుగా వాడే పొడులకు, వాడినప్పుడు కరిగి పొరగా మారిపోయే వాటికి మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటికీ పర్యావరణంలోకి చేరే మోతాదును నివేదించడం వంటి షరతులు వర్తిస్తాయి.

పొడి నీటిలోకి చేరాక దానిని తిరిగి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందువల్ల నిజమైన నియంత్రణ అంతా కర్మాగారం లోపలే జరగాలి. ఒలికిన పొడిని నీళ్లతో కడిగి కాలువలోకి వదలకుండా ఎత్తివేయాలి, కాలువ మూతల వద్ద సన్నని వలలు పెట్టాలి, ఫిల్టరు సంచులు మార్చేటప్పుడు రాలే ధూళిని పట్టే ఏర్పాటు ఉండాలి, ఖాళీ సంచులను దులపకుండా మడిచి మూతి కట్టి పారవేయడానికి పంపాలి.